ఊరి గ్రూపులన్నీ కలిపేశాం, ఇప్పుడు ఎవరూ పలకడం లేదు

కంచిలి వాసి:
పొద్దుటి నుంచి తల పట్టుకొని కూర్చున్నాను. మా సంస్థకు ఏడు ఊళ్లలో వాలంటీర్లు ఉన్నారు. ఎవరి గ్రూపు వారిది, ఎవరి లెక్క వారిది. ఈ గందరగోళం వద్దని గత నెలలో అందరినీ ఒకే వాట్సాప్ గ్రూపులో చేర్చాం. మొత్తం 212 మంది. సోమవారం ఎవరు వస్తారని మూడుసార్లు అడిగితే దండం బొమ్మలు పెట్టారు, అంతే. ఏ సెట్టింగు మార్చాలి?

సోంపేట నుంచి:
పని ఏమిటి?

మినిట్స్ మాస్టారు:
బాబూ, సెట్టింగుల సంగతి తరవాత. ఇలా కలపాలని కార్యవర్గం తీర్మానించిందా? సమావేశాల మినిట్స్ పుస్తకంలో రాశారా? మీది 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైందా, లేక ట్రస్టా? ఎవరూ ఇవి చూడరు. గొడవ వచ్చాక పుస్తకం వెతుకుతారు.

విజయనగరం చదువరి:
ముందు ఆ ‘వాలంటీరు’ అనే మాట తీసేయండి. 2019లో ప్రభుత్వం గ్రామ వాలంటీర్లను పెట్టింది కదా, యాభై ఇళ్లకు ఒకరు, నెలకు 5,000 గౌరవ వేతనం. అప్పటి నుంచి ఆ మాట వింటే జనం పింఛను సంగతి అడుగుతున్నారు. ‘సేవకులు’ అనండి.

మినిట్స్ మాస్టారు:
సేవకులంటే ఎవరు ఒప్పుకుంటారు? ‘సభ్యులు’ అనాలి.

విజయనగరం చదువరి:
సభ్యులంటే రేపు ఓటు అడుగుతారు మాస్టారూ. మీ చట్టమే కదా!

సోంపేట నుంచి:
పని ఏమిటని అడిగాను.

కంచిలి వాసి:
చెప్పలేదా? డయాలసిస్‌కు పలాస వెళ్లేవారికి తోడు వెళ్లడం. మా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బుల సంగతి తెలిసిందే కదండీ. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. తిరిగి వచ్చేటప్పుడు కొందరికి నీరసంతో కళ్లు తిరుగుతాయి.

సోంపేట నుంచి:
ఇంతకు ముందు ఎవరు పంపేవారు?

కంచిలి వాసి:
ఊరికొక పెద్ద ఉండేవారు. ఒక ఊళ్లో కిరాణా కొట్టు ఆవిడ, ఇంకో ఊళ్లో రిటైరైన పోస్టుమాన్. ఇప్పుడు జీతానికి ఒక సమన్వయకర్తను పెట్టాం కాబట్టి వారిని తప్పించాం.

సోంపేట నుంచి:
ఇది చివర్లో చెబుతారా! 212 మందిని అడిగితే ఎవరినీ అడగనట్టే. ఆ కొట్టు ఆవిడ “ఒరే, రేపు మీ పక్కింటి మామకు తోడు నువ్వే” అంటే వాడు కాదనగలడా? ఊళ్ల గ్రూపులు మళ్లీ తెరవండి. వాట్సాప్‌లో ‘కమ్యూనిటీ’ ఉంది, ఏడింటినీ దాని కిందకు చేర్చవచ్చు. అందులోని ప్రకటనల గ్రూపులో ప్రకటనలు అడ్మిన్లు మాత్రమే పెడతారు. ఎవరికి ఏ రోజు, ఏ వేళ అన్నది మీ సమన్వయకర్త ఊరి పెద్దకు చెప్పాలి, మనిషిని పెద్దే చూసుకుంటారు. రోగుల పేర్లు మాత్రం అందరి ముందూ పెట్టకండి. జీడి కోతల నెలల్లో కూలి మానుకొని రావడం కష్టం, అప్పుడు బస్సు చార్జీ, భోజనం ఖర్చయినా ఇవ్వండి.

మినిట్స్ మాస్టారు:
ఇస్తే వోచరు రాయించుకోండి.

కంచిలి వాసి:
కొట్టు ఆవిడకు ఫోను చేశాను, ఎత్తలేదు. రేపు వెళ్లి కలుస్తాను. థాంక్సండి.

విజయనగరం చదువరి:
ఇంతకీ పేరు ఏమని మారుస్తున్నారు?