బొలోన్యాలో ఒక సెమిస్టర్: రూముకి ముందే అడ్వాన్సు పంపొచ్చా?

కడపోడు_మారతహళ్ళిలో:
అందరికీ నమస్తే. బెంగళూరులో ఫైనలియర్ చదువుతున్నా, ఉండేది మారతహళ్ళి పీజీలో. సెప్టెంబర్ నుంచి ఒక సెమిస్టర్ ఎక్స్‌చేంజ్‌కి ఇటలీలో బొలోన్యా వచ్చింది. ఫీజు ఇక్కడి కాలేజీకే కట్టాలి కాబట్టి నాన్న సరే అన్నాడు. తిప్పలంతా రూము దగ్గరే. నెల రోజులు వెతికితే ఒకాయన దొరికాడు. ఊరి నడిబొడ్డున సింగిల్ రూమ్, 350 యూరోలే. ఫోటోలు బ్రహ్మాండం. ఆయన లండన్‌లో ఉన్నాడంట, రెండు నెలల అడ్వాన్సు పంపితే తాళాలు కొరియర్ చేస్తాడంట. పంపేదా? ఇంకోటి, మా ఇంట్లో నీసు ముట్టం. అమ్మకి అదే దిగులు. అక్కడ ఉండొచ్చినవాళ్ళు చెప్పండి.

బీటీఎం_బ్యాచిలర్:
తాళాలు రావు బ్రో. డబ్బులు మాత్రం పోతాయి.

మల్లేశ్వరం_అక్క:
తమ్ముడూ, పైసా పంపకు. 2019 సెప్టెంబర్‌లో నేను 400 యూరోలు పంపి మరీ విమానమెక్కా. రెండు సూట్‌కేసులు ఈడ్చుకుంటూ ఆ అడ్రసుకి పోతే కింద కళ్ళజోళ్ళ షాపు, పైన పళ్ళ డాక్టరు. రిసెప్షన్‌లో ఆవిడ నా చేతిలో కాగితం చూసి తల అడ్డంగా ఊపింది. అలా వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాదని ఆ ఊపులోనే తెలిసిపోయింది. తర్వాత పదకొండు రాత్రులు హాస్టల్లో, ఒక గదిలో ఎనిమిదిమందిమి.

ఆ ఊళ్ళో రూముల కరువు ఇప్పటిది కాదు. యూనివర్సిటీ పుట్టింది 1088లో అంటారు. పిల్లలు వచ్చిపడుతుంటే చోటు చాలక జనం ఇళ్ళ పైఅంతస్తులు వీధి మీదికి పెంచుకున్నారు. కింద మొదట్లో కర్ర స్తంభాలు పెట్టి నిలబెట్టారు. మన బెంగళూరు బీటీఎంలో పీజీ హాస్టళ్ళు కింద ఇంత, పైన అంత ఉంటాయి చూడు, సరిగ్గా అదే. తేడా ఏంటంటే అక్కడ దాన్ని చట్టమే చేశారు. 1288 నుంచి కొత్త ఇల్లు ఎవరు కట్టినా ముందు వసారా వదలాలి, అదీ గుర్రం మీద మనిషి తల తగలకుండా వెళ్ళేంత ఎత్తులో. ఇప్పుడవన్నీ కలిపి 62 కిలోమీటర్లు. 2021లో యునెస్కో జాబితాలోకీ ఎక్కాయి. నాకు తెలిసింది మాత్రం ఒకటే, ఐదు నెలల్లో గొడుగు రెండుసార్లు తీశా.

చివరికి స్టేషన్ వెనక బొలోన్యీనాలో దొరికింది. 'పోస్తో లెత్తో' అంటారు, అంటే డబుల్ రూములో ఒక మంచం. 290 యూరోలు. యూనివర్సిటీ దగ్గర వసారా స్తంభం మీద చీటీ చూసి ఫోన్ చేశా. రూమ్మేట్ దక్షిణ ఇటలీలోని పూల్యా అమ్మాయి. మనం మారతహళ్ళిలో కన్నడం ముక్క రాకుండా నాలుగేళ్ళు గడిపేస్తాం కదా, ఆ ధీమాతో వెళ్ళకు. ఇంటివాళ్ళకి ఇంగ్లీషు రాదు. రెండు వాక్యాల ఇటాలియన్ వస్తే మొహం మారుతుంది, ఒక్కోసారి అద్దె కూడా.

ముందు మూడు వారాలకి హాస్టలో, తెలిసినవాళ్ళ సోఫానో చూసుకో. సెప్టెంబర్ మొదట్లోనే దిగు. కళ్ళతో చూసి, కాంట్రాక్ట్ చేతికొచ్చాకే డబ్బు.

కడపోడు_మారతహళ్ళిలో:
చాలా థ్యాంక్స్ అక్కా. అతన్ని వీడియో కాల్‌లో ఇల్లు చూపించమని అడిగా. బ్లూ టిక్ పడింది, నిన్నట్నుంచి ఉలుకూ పలుకూ లేదు. తిండి, పరీక్షల సంగతి కూడా చెప్పవా?

మల్లేశ్వరం_అక్క:
హమ్మయ్య.

తిండికి రెండు మాటలు నేర్చుకో. తోర్తెల్లీని అంటే లోపల పంది మాంసం. తోర్తెల్లోని అంటే పెద్దవి, లోపల రికోత్తా జున్ను. మెనూలో ఒక్క అక్షరం తేడా, మొదటి వారంలోనే దెబ్బ తిన్నా. పూరీలా పొంగిన క్రెషెంతీనే చూసి మురిసిపోకు, పాత పద్ధతిలో పంది కొవ్వులోనే వేయిస్తారు. పార్మిజానో చీజ్‌లో దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ ఉంటుంది, పాలు విరగడానికి వేస్తారు. అది తినాలా వద్దా అనేది నువ్వే తేల్చుకో, అమ్మకి చెప్పాలా వద్దా అనేది కూడా. బంగ్లాదేశ్ వాళ్ళ కొట్లలో కందిపప్పు, పచ్చిమిర్చి దొరుకుతాయి. గోంగూర పచ్చడి నువ్వే మోసుకుపోవాలి.

దిగిన 8 పనిదినాల్లో పోస్టాఫీసుకెళ్ళి నివాస అనుమతికి దరఖాస్తు ఫారాల కిట్ నింపాలి. నాకు అన్నీ కలిపి 116 యూరోలైంది. ఇది వాయిదా వెయ్యకు.

పరీక్షలు ఎక్కువగా నోటితోనే. 30కి మార్కులు, 18 వస్తే పాస్. ప్రొఫెసర్ ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతాడు, మిగతావాళ్ళు వెనక కూర్చుని వింటుంటారు. అయిపోగానే '22, ఒప్పుకుంటావా?' అన్నాడు. మాస్టారు మార్కులిస్తే ఒద్దంటామా! ఓకే సర్ అని దండం పెట్టినంత పని చేశా. ఇంటికొచ్చి చెప్తే రూమ్మేట్ తలకొట్టుకుంది. వద్దని లేచొచ్చి, తర్వాత మళ్ళీ రాయొచ్చంట!

అసినెల్లి గోపురానికి 498 మెట్లు. చదువు అయ్యేలోపు ఎక్కితే డిగ్రీ రాదని అక్కడి పిల్లల నమ్మకం. మనకెందుకొచ్చిన గొడవ అని నేనూ ఎక్కలేదు. ఆఖరి పరీక్ష అయ్యాక పోదామంటే మూడు రోజులు పొగమంచు. పక్కనున్న గరిసెండా గోపురం ఒంగిపోతోందని 2023లో అసినెల్లినీ మూసేశారు. ఆ బాధ నాకింకా ఉంది.

కడపోడు_మారతహళ్ళిలో:
అక్కా, అమ్మ ఈలోపే 3 లీటర్ల కుక్కర్ కొనేసింది. పట్టుకెళ్ళనా?

మల్లేశ్వరం_అక్క:
పట్టుకెళ్ళు, మా ఇంట్లో గ్యాస్ పొయ్యే ఉండేది. కాకపోతే ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పు. నా కుక్కర్ మొదటి విజిల్‌కి పూల్యా పిల్ల సగం లిప్‌స్టిక్‌తో మెట్ల మీదికి పరిగెత్తింది. కింద ఇంటి ముసలాయన అప్పటికే బయటున్నాడు, చేతిలో పిల్లి.