అమ్మకాలు పెరిగాయి, చేతిలో డబ్బు మాత్రం లేదు: ఎక్కడ తప్పు జరుగుతోంది?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. నేను నాలుగేళ్లుగా గుడ్డ సంచులు కుట్టించి దుకాణాలకు టోకున సరఫరా చేసే చిన్న యూనిట్ నడుపుతున్నాను. నాతో కలిపి ఆరుగురం పనిచేస్తాం. నిరుటితో పోలిస్తే ఈ ఏడాది అమ్మకాలు 40 శాతం దాకా పెరిగాయి, లాభం కూడా వచ్చిందనే మా లెక్కలు చూసే ఆయన చెబుతున్నారు. అయినా జీతాల తేదీ దగ్గరపడే కొద్దీ నాకు నిద్ర పట్టడం లేదు. పోయిన నెల ఇద్దరికి వారం ఆలస్యంగా ఇచ్చాను. ఇంటి ఖర్చుకు దాచుకున్నది కూడా గుడ్డ కొనడానికే పెట్టేశాను. ఇంతలో మా కొనుగోలుదారులందరిలోకి పెద్దవారు, ధరలో 10 శాతం తగ్గిస్తే ఆర్డరు 30 శాతం పెంచుతామంటున్నారు. ఒప్పుకుంటే ఈ ఇబ్బంది తీరుతుందేమోనన్న ఆశ ఒకవైపు, మరింత కూరుకుపోతానేమోనన్న భయం మరోవైపు ఉన్నాయి. అసలు నేను వ్యాపారానికి పనికొస్తానా అన్న సందేహం కూడా కలుగుతోంది. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ఒక సభ్యుడు

ధైర్యంగా ఉండండి మేడమ్. ఎదిగే వ్యాపారంలో ఇలాంటివి మామూలే. బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్ట్ (ఖాతాలో ఉన్నదానికన్నా ఎక్కువ వాడుకునే అప్పు) తీసుకుని ఆర్డరు ఒప్పుకోండి. వచ్చిన గిరాకీని వదులుకోకూడదు.

లెక్కల పనిలో ఉన్న సభ్యుడు

ధైర్యం చెప్పడంలో తప్పు లేదు గాని, ధైర్యంతో జీతాలు ఇవ్వలేం కదా. అప్పు సంగతి తరువాత చూద్దాం. కారణం తెలియకముందే అప్పు తెస్తే, కారుతున్న కుండలో ఇంకో బిందె నీళ్లు పోసినట్టే అవుతుంది. మేడమ్, నాలుగు విషయాలు చెప్పండి. గుడ్డ కొన్న రోజు నుంచి కత్తెర పడే రోజు దాకా సగటున ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది? కుట్టడానికి ఎన్నాళ్లు పడుతుంది? సరుకు పంపిన ఎన్నాళ్లకు బిల్లు రాస్తారు? బిల్లు రాసిన ఎన్నాళ్లకు డబ్బు వస్తుంది? గుడ్డ మీకు అరువుకు ఇస్తారా, నగదుకేనా అన్నది కూడా తెలియాలి.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

గుడ్డ నగదుకే కొంటాను. ఒకేసారి ఎక్కువ కొంటే కాస్త చవక కాబట్టి 20 రోజులకు సరిపడా ముందే తెస్తాను. కుట్టి, కట్టలు కట్టి పంపడానికి 10 రోజులు. బిల్లులన్నీ నెలాఖరున ఒకేసారి రాస్తాను. రోజూ రాసే తీరిక ఉండదు. పెద్ద కొనుగోలుదారు బిల్లు తేదీ నుంచి 60 రోజులకు ఇస్తారు. మిగతావారూ కొంచెం అటూఇటుగా అంతే.

లెక్కల పనిలో ఉన్న సభ్యుడు

మీ సమస్య మొత్తం ఈ జవాబులోనే ఉంది. నెలలో ఏ రోజు పంపిన సరుకుకైనా బిల్లు నెలాఖరునే పుడుతుంది కాబట్టి సగటున 15 రోజులు అక్కడే పోతున్నాయి. గుడ్డ నిల్వ 20, కుట్టుపని 10, బిల్లు కోసం 15, వసూలుకు 60, వెరసి 105 రోజులు. అంటే ఈ రోజు గుడ్డకు మీరిచ్చిన డబ్బు తిరిగి మీ గల్లాపెట్టెలో పడటానికి మూడున్నర నెలలు పడుతోంది.

ఇప్పుడు 40 శాతం పెరుగుదల ఏం చేసిందో చూడండి. సులువు కోసం నిరుడు నెలకు 100 పాళ్లు ఖర్చుపెట్టి 115 రాబట్టేవారనుకుందాం. అప్పుడు మూడున్నర నెలల ఖర్చు, అంటే 350 పాళ్లు, ఎప్పుడూ బయటే ఇరుక్కుని ఉండేవి. అమ్మకాలు పెరగగానే నెల ఖర్చు 140 అయింది. కాని తొలి మూడున్నర నెలల పాటు మీ చేతికి వచ్చేది పాత అమ్మకాల తాలూకు 115 మాత్రమే. నెలకు 25 చొప్పున లోటు. కొత్త అమ్మకాల సొమ్ము రావడం మొదలయ్యే నాటికి అది 87.5 అవుతుంది. కూలి మొదటి రోజే చెల్లించరు కాబట్టి అసలు లోటు దీనికన్నా కొంత తక్కువే ఉండవచ్చు. కాని మీరు ఇంటికి తీసుకునేది నేను ఇందులో కలపనే లేదు. ఇరుక్కున్న సొమ్ము 350 నుంచి 490కి చేరింది. ఆ అదనపు 140లో మీ లాభానికి పోను మిగిలిన భాగాన్ని మీ ఇంటి సొమ్ము, పనివాళ్ల ఆలస్యపు జీతాలు పూడ్చాయి. లాభం ఉందని మీ లెక్కలాయన చెప్పిందీ నిజమే, డబ్బు లేదని మీరు చెబుతున్నదీ నిజమే. లాభం ఆవర్జాలో, అంటే ఖాతా పుస్తకంలో ఉంది, నగదు కొనుగోలుదారు దగ్గర ఉంది.

దీనికి మందు కూడా ఆ రోజుల్లోనే ఉంది. సరుకు బండి ఎక్కిన రోజే బిల్లు రాయండి. తీరిక లేదన్నారు, ఆ పది నిమిషాల పని మానుకున్నందుకు మీరు ప్రతి కొనుగోలుదారుకూ 15 రోజుల వడ్డీలేని అప్పు ఇస్తున్నారు. గుడ్డ 20 రోజులకు కాక 10 రోజులకే తెచ్చుకోండి. ఎక్కువ కొంటే ఎంత చవకో కచ్చితంగా లెక్కవేయండి, చాలాసార్లు ఆ చవక ఇరుక్కున్న డబ్బు ఖరీదు ముందు నిలవదు. అవసరానికి మించి ముందే తయారుచేసి పెట్టుకోవడాన్ని టయోటాలో ఉత్పత్తి పద్ధతిని తీర్చిదిద్దిన తైచి ఓనో వృథాలన్నిటిలోకి చెడ్డదిగా లెక్కించారు. అంత పెద్ద కర్మాగారానికి పనికొచ్చిన మాట ఆరుగురి యూనిట్‌కూ పనికొస్తుంది. మూడోది, గుడ్డ ఇచ్చేవారిని 15 రోజుల గడువు అడగండి. నాలుగేళ్లుగా నగదుకు కొంటున్న మీకు కాదనడానికి వారికి గట్టి కారణం ఉండదు.

ఈ మూడూ కుదిరితే 105 కాస్తా 65 అవుతుంది. నెలకు 140 ఖర్చుతో 65 రోజులంటే ఇరుక్కునేది సుమారు 303 పాళ్లు. నిరుడు ఇరుక్కున్న 350 కంటే అది తక్కువ. అమ్మకాలు 40 శాతం పెరిగీ మీకు కొత్త డబ్బు అక్కర్లేని పరిస్థితి ఇది. కొనుగోలుదారు 60 రోజుల గడువు జోలికి మనం ఇంకా పోనేలేదు.

టోకు వ్యాపారంలో 20 ఏళ్లున్న సభ్యుడు

రోజుల లెక్క బాగా చెప్పారు. నేను తగ్గింపు గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే ఆ గోతిలో నేను రెండుసార్లు పడ్డాను.

సంచి ధర 100 అనుకుందాం. గుడ్డ, దారం, కుట్టుకూలి, రవాణా కలిపి ఒక్కో సంచికి 75 పోతే, అద్దెకు, కరెంటుకు, మీ జీతానికి, లాభానికి అన్నిటికీ మిగిలేది 25. ధర 10 శాతం తగ్గిస్తే 75 తగ్గదు కాబట్టి కోత అంతా ఆ 25లోనే పడుతుంది, మిగిలేది 15. వంద సంచులకు ఇదివరకు 2,500 మిగిలేది, 130 సంచులకు ఇకమీదట 1,950 మిగులుతుంది. పని 30 శాతం ఎక్కువ, మిగులు 22 శాతం తక్కువ. పాత మిగులు నిలవాలంటేనే ఆర్డరు 67 శాతం పెరగాలి. పైగా ఆ అదనపు 30 సంచుల గుడ్డ డబ్బు కూడా ముందు మీరే పెట్టాలి.

ఇదే లెక్కను తిప్పి చూడండి. ధర 5 శాతం పెంచితే మిగులు 30 అవుతుంది. ఆరింట ఒక వంతు ఆర్డర్లు పోయినా మీకు నష్టం లేదు. పెంచమని నేను చెప్పడం లేదు. పెంచడానికి మనం పడే భయం, తగ్గించడానికి పడటం లేదని మాత్రం చెబుతున్నాను. ఇంకొక చిన్న మాట: 100 ఖర్చు మీద 25 కలిపి 125కి అమ్మి, 25 శాతం మిగిలిందనుకునేవారు చాలామంది ఉన్నారు. అమ్మకం మీద అది 20 శాతమే. తగ్గింపు ఎప్పుడూ అమ్మకం ధర మీద ఇస్తాం కాబట్టి రెండింటినీ ఒకే కొలతతో చూసుకోవాలి.

కొనుగోలుదారుకు ఏదైనా ఇచ్చి తీరాలనిపిస్తే ధరలో కాక గడువులో ఇవ్వండి. ‘10 రోజుల్లో చెల్లిస్తే 2 శాతం తగ్గింపు’ అన్నది వ్యాపారంలో పాత పద్ధతే. అయితే 30 రోజుల బాకీని 10 రోజులకు తెచ్చేందుకు 2 శాతం ఇవ్వడమంటే ఏడాదికి సుమారు 37 శాతం వడ్డీ కట్టడం. మీ 60 రోజుల బాకీ విషయంలో అది 15 శాతం దాటదు కాబట్టి ఆలోచించదగ్గదే. గుడ్డ అమ్మేవారు మీకు అలాంటి తగ్గింపు ఇస్తే మాత్రం, చేతిలో డబ్బున్నప్పుడు వదులుకోకండి.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

1,950 అన్న అంకె చూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఆర్డరు ఒప్పుకోను. కాని మరో మాట దాచకుండా చెప్పాలి. ఇద్దరు కొనుగోలుదారుల దగ్గర గడువు దాటి నెల అయిన బాకీలున్నాయి. వారు నాకు మొదటి నుంచీ తెలిసినవారు. అడగాలంటే నోరు రాదు.

చిన్న కర్మాగారం నడిపే సభ్యురాలు

ఈ మొహమాటం మనలో చాలామందికి ఉన్నదే. నేను మొదటి మూడేళ్లు దీనితోనే నష్టపోయాను. బాకీ అడగడమంటే వారి నిజాయతీని శంకించడమని నేను అనుకునేదాన్ని. అవతలి వారికి అది పదిమందికి ఇవ్వవలసిన డబ్బులో ఒక పద్దు. ఎవరు ముందు గుర్తుచేస్తే వారికి ముందు ఇస్తారు, అంతే.

నాకు పనికొచ్చినది గడువు తరువాత అడగడం కాదు, గడువుకు ముందే పలకరించడం. వారం ముందు ఇలా రాస్తాను: ‘నమస్కారం. ఫలానా తేదీన పంపిన సరుకు బిల్లు మీకు అందింది కదా. వచ్చే బుధవారం దాని గడువు. బిల్లులో ఏమైనా సవరణ ఉంటే ఈలోగా చెప్పగలరు.’ ఇందులో కోపం లేదు, ప్రాధేయపడటం లేదు. ‘బిల్లు ఇంకా మా లెక్కల విభాగానికి రాలేదు’ అన్న సాకు కూడా గడువుకు ముందే బయటపడుతుంది. గడువు దాటిన మర్నాడు ఫోన్ చేసి, ‘ఏ తేదీన వేయగలరు?’ అని అడిగి, వారు చెప్పిన తేదీని ఆ ఫోన్‌లో ఉండగానే తిరిగి చదివి వినిపిస్తాను. ‘ఎప్పుడిస్తారు?’ అంటే ‘త్వరలో’ అంటారు. తేదీ అడిగితే తేదీయే చెప్పాలి. పాత బాకీ తీరేదాకా కొత్త సరుకు కదలదన్న నియమం నాది. దాన్ని మొదటిసారి చెప్పేటప్పుడు గొంతు వణికింది, రెండోసారి వణకలేదు.

చట్టం కూడా కొంతవరకు మన పక్షాన ఉంటుంది. సూక్ష్మ, చిన్న సంస్థలకు డబ్బు చెల్లించడానికి కొనుగోలుదారు 45 రోజులకు మించిన గడువు పెట్టకూడదని భారతదేశంలో 2006 నాటి చట్టం చెబుతుంది. ఐరోపా సమాఖ్య 2011లో తెచ్చిన ఆదేశం సంస్థల మధ్య 60 రోజులను సాధారణ హద్దుగా పెట్టింది. మీకు ఏది వర్తిస్తుందో కనుక్కుని బిల్లు అడుగున ఒక్క వాక్యం అచ్చువేయించండి. నోటితో చెప్పలేనిది కాగితం చెబుతుంది.

మీరు వ్యాపారానికి పనికొస్తారా అన్న సందేహం గురించి కూడా చెప్పాలి. నాలుగేళ్లు సరుకు నాణ్యత నిలిపి, అమ్మకాలు పెంచినవారికి ఆ ప్రశ్న వర్తించదు. మీకు లేనిది సామర్థ్యం కాదు, తేదీల పట్టిక. ఇకనుంచి మీకంటూ ఒక నెల జీతం రాసుకోండి, అది ఎంత చిన్నదైనా సరే. ఇంటి సొమ్ము యూనిట్‌లోకి, యూనిట్ సొమ్ము ఇంట్లోకి ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంటే, వ్యాపారం మిమ్మల్ని పోషిస్తోందో మీరే వ్యాపారాన్ని పోషిస్తున్నారో ఎవరికీ తెలియదు.

లెక్కల పనిలో ఉన్న సభ్యుడు

తేదీల పట్టిక అన్నారు కాబట్టి దాని తీరు చెబుతాను. ఒక కాగితం మీద రాబోయే 13 వారాలకు 13 గడులు గీయండి. అది మూడు నెలల చూపు. ప్రతి వారానికీ మొదట ఉన్న నగదు, ఆ వారం నిజంగా చేతికి వచ్చే డబ్బు, ఆ వారం నిజంగా ఇవ్వవలసిన డబ్బు, చివర మిగులు రాయండి. బిల్లు రాసిన వారంలో కాదు, డబ్బు పడే వారంలోనే అంకె వేయాలి. మాట నిలుపుకోని కొనుగోలుదారు చెల్లింపును రెండు వారాలు వెనక్కి జరిపి రాయండి. వారానికొకసారి అయిపోయిన గడిని కొట్టేసి చివర కొత్తది చేర్చండి. లోటు ఎనిమిదో వారంలో కనబడితే చేయడానికి ఎన్నో పనులుంటాయి; జీతాల ముందురోజు కనబడితే అప్పు ఒక్కటే ఉంటుంది.

ఇది పుస్తకాల పని అని విసుక్కోకండి. వెనిస్ వర్తకులు పాటిస్తున్న జంటపద్దుల పద్ధతిని (ప్రతి లావాదేవీనీ జమగా ఒకచోట, ఖర్చుగా ఒకచోట రెండుసార్లు రాయడం) 1494లో అచ్చులో వివరించిన లూకా పచోలీ లెక్కల గుమాస్తా కాదు, గణితం బోధించే సన్యాసి. వర్తకుడు ముందు తన దగ్గరున్నదంతా జాబితా రాసుకోవాలని, ఆపైన మూడు పుస్తకాలు నడపాలని ఆయన చెప్పిన క్రమం మన చిట్టా, ఆవర్జాల వాడుకకు ఎంత దగ్గరో చూస్తే ముచ్చటేస్తుంది.

మొదట ఓవర్‌డ్రాఫ్ట్ సలహా ఇచ్చిన మిత్రునికి: అప్పు చెడ్డదని నా ఉద్దేశం కాదు. కుట్టుమిషను ఏళ్ల తరబడి పనిచేస్తుంది కాబట్టి దానికి ఏళ్ల వాయిదాల అప్పు సరైనది. రెండు నెలల్లో వచ్చే బిల్లు కోసం రెండు నెలల అప్పూ సరైనదే. పట్టికలో తిరిగి చెల్లించే వారం కనబడని అప్పు మాత్రం వద్దు.

ప్రశ్న అడిగిన సభ్యురాలు (ఆరు వారాల తరువాత)

అందరికీ కృతజ్ఞతలు. ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. బిల్లులు ఏ రోజువి ఆ రోజే వెళుతున్నాయి. కట్టలు కట్టే అబ్బాయికే నేర్పాను, నాకన్నా చక్కగా రాస్తున్నాడు. గుడ్డ ఇచ్చేవారు 15 రోజులు కుదరదని 10 రోజుల గడువుకు ఒప్పుకున్నారు. పెద్ద కొనుగోలుదారుకు 10 శాతం కుదరదని చెప్పి, కొత్త ఆర్డర్లకు 45 రోజుల గడువు అడిగాను. రెండు వారాలు జవాబు లేదు. ఆ రెండు వారాలూ నేను పడ్డ ఆందోళన ఇక్కడ రాయలేను. చివరికి పాత ధరకే, పాత పరిమాణంలోనే ఆర్డరు పంపుతూ 45 రోజులకు సరేనన్నారు. పాత బాకీల్లో ఒకటి పూర్తిగా వసూలైంది. రెండో ఆయన సగం ఇచ్చి, సరుకు ఆపినందుకు నొచ్చుకుని వేరేచోట కొనుక్కుంటున్నారు.

ఈ నెల జీతాలు తేదీకే ఇచ్చాను, నాది కూడా రాసుకున్నాను. పట్టికలో పదో వారం దగ్గర ఇంకా చిన్న లోటు కనబడుతోంది. ఆ వారం కొనవలసిన గుడ్డను రెండు విడతలు చేస్తే సరిపోతుందనుకుంటున్నాను. కొత్త అంకెలతో పట్టిక వేసి సోమవారం ఇక్కడ పెడతాను, చూసి చెప్పగలరు.