చిన్న కార్డుల మీద వాటర్ కలర్: ఆకాశంలో పువ్వు మచ్చలు, చెట్ల దగ్గర బురద రంగు

ప్రశ్న:
10×15 సెం.మీ. కార్డుల మీద ల్యాండ్‌స్కేపులు వేస్తున్నానండి. పేపర్ 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు), మామూలు సెల్యులోజ్ (చెక్క గుజ్జుది). నాలుగు వైపులా మాస్కింగ్ టేప్ వేస్తాను. బ్రష్ 6వ నంబర్ రౌండ్. ఆకాశానికి అల్ట్రామరీన్ (ముదురు నీలం) వాష్, అంటే నీళ్లతో పల్చటి పూత వేసి, అది ఆరేలోపు మబ్బుల నీడలు పెడితే కాలీఫ్లవర్ లాంటి మచ్చలు పడుతున్నాయి. చెట్ల దగ్గరికి వచ్చేసరికి రంగంతా బురదైపోతోంది. నీళ్లు ఎక్కువవుతున్నాయా, తక్కువవుతున్నాయా?

జవాబు:
కాగితం మీదున్న తడి కంటే బ్రష్‌లో తడి ఎక్కువైతే ఆ పువ్వు పడుతుందండి. సగం ఆరిన చోట కొత్త నీళ్లు చేరితే, అవి పాకుతూ అక్కడి రంగు రేణువులను తోసుకుపోతాయి. ఎక్కడ ఆగితే అక్కడ అంచులా పేరుకుంటాయి.

కార్డును వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. అద్దంలా మెరుస్తుంటే రంగు ధారాళంగా పాకుతుంది. మెరుపు తగ్గి పట్టుగుడ్డ నిగారింపు మిగిలిందంటే మబ్బు నీడలకు అదే సమయం. అప్పుడు రంగు వాష్ కంటే చిక్కగా ఉండాలి, బ్రష్‌ను ఒకసారి టిష్యూకి అద్ది పెట్టాలి. మెరుపు పూర్తిగా పోయినా వేలి వెనకవైపు ఆనిస్తే చల్లగా తగులుతోందంటే లోపల తడి ఉన్నట్టే. ఆ దశలో అసలు ముట్టుకోకండి.

ఇంత చిన్న కార్డులో ఆ నిగారింపు చాలా కొద్దిసేపే ఉంటుంది. అందుకే నీడ రంగును వాష్ మొదలుపెట్టక ముందే కలిపి ఉంచుకోవాలి. అల్ట్రామరీన్‌లో కాస్త బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు) కలిపితే చక్కటి బూడిద రంగు వస్తుంది. వాష్ వేశాక ప్యాలెట్‌లో రంగు వెతుక్కుంటే ఆలస్యమైపోయినట్టే.

జవాబు:
పై మాటలన్నీ నిజమే, కానీ నన్నడిగితే సగం తప్పు పేపర్‌ది. 200 జీఎస్ఎం తడిస్తే ఉబ్బుతుంది, పల్లాల్లో నీళ్లు నిలుస్తాయి, చుట్టూ ఆరాక ఆ నీళ్లు వెనక్కి పాకుతాయి. 300 జీఎస్ఎం, నూరు శాతం కాటన్, కోల్డ్ ప్రెస్ (పైభాగం కాస్త గరుకుగా ఉండేది) తీసుకోండి. తడి లోపలికి సమంగా ఇంకి ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి మీకు చెయ్యి ఆడే సమయం పెరుగుతుంది. 56×76 సెం.మీ. ఫుల్ షీట్ ఒకటి కోస్తే ఇలాంటి కార్డులు 25 వస్తాయి, ప్యాడ్ అవసరం లేదు.

ఇంకొకటి, చాలామంది గమనించనిది: టేప్ అంచు వెంట నీళ్లు గట్టుకట్టి ఉంటాయి. మధ్యలో ఆరుతుండగా అవి లోపలికి జారతాయి. మచ్చలు అంచుల దగ్గర మొదలవుతుంటే కారణం అదే. వాష్ అవగానే, పిండిన బ్రష్ కొనతో టేప్ చుట్టూ ఆ నీళ్లు పీల్చేయండి.

ప్రశ్న అడిగినవారు:
అవునండీ, ఎక్కువగా అంచుల దగ్గరే వస్తున్నాయి! మరి బురద రంగు సంగతి? హెయిర్ డ్రైయర్ వాడొచ్చా?

జవాబు:
బురదకు రెండు కారణాలు. అల్ట్రామరీన్ ఆరాక కూడా నీటికి కొంత లేస్తుంది. దాని మీద చెట్టు వేస్తూ బ్రష్ రుద్దితే కింది నీలం పైకొచ్చి కలిసిపోతుంది. కింది పొర పూర్తిగా ఆరాక, పెట్టిన చోట ఒక్కసారే పెట్టి వదిలేయండి. రెండోది పిగ్మెంట్ల (రంగునిచ్చే పొడుల) లెక్క. ట్యూబ్ మీది కోడ్‌లు చదవండి. శాప్ గ్రీన్ అనే ఆకుపచ్చ చాలావరకు రెండు మూడు పిగ్మెంట్ల మిశ్రమమే. అందులో మీరు నీలం, బ్రౌన్ కలిపితే అయిదు దాకా పోతుంది. ఒక పసుపు, ఒక నీలం, ముదురు చేయడానికి చిటికెడు బర్న్ట్ సియెన్నా, అంతకు మించొద్దు. బ్రష్ కడిగే నీళ్లు వేరు, రంగు కలిపే నీళ్లు వేరు పెట్టుకోండి.

డ్రైయర్ మెరుపు పోయాకే. ముందే పెడితే గాలి నీళ్లను తోసి కొత్త మచ్చలు చేస్తుంది. తక్కువ వేగంలో, సుమారు 30 సెం.మీ. దూరం నుంచి. కార్డు చల్లబడ్డాకే తర్వాతి పొర, లేకపోతే వేడికి గీత పెట్టిన చోటే ఆరిపోతుంది.

ఇప్పటికే పడ్డ మచ్చను తడిలో సరిచేయకండి. పూర్తిగా ఆరనిచ్చి, తడి బ్రష్‌తో అంచును మెల్లగా నిమిరి టిష్యూతో అద్దండి. సెల్యులోజ్ మీద ఒకటి రెండు సార్లకు మించితే పైపొర నూగులా లేచిపోతుంది, అప్పుడిక ఏ రంగూ సమంగా పట్టదు.