రైల్వే కాలనీ బాల్యం: సిగ్నల్ దీపానికి నీలి అద్దం ఉండేదా?

ప్రశ్న:
మా నాన్నగారు రైల్వేలో పాయింట్స్‌మాన్‌గా (బండి దారి మళ్లేలా పట్టాలు మార్చే ఉద్యోగం) పనిచేసేవారు. పొద్దు వాలుతుండగా ఆయన కిరోసిన్ దీపాలు పట్టుకుని సిగ్నల్ స్తంభాల వైపు బయలుదేరితే నేనూ మా అన్నయ్యా వెంటపడేవాళ్లం. నూనె డబ్బా మోసే పని నాది. ఆయన స్తంభమెక్కి దీపం అమర్చి దిగేదాకా మేము కట్ట కింద నిలబడి పైకి చూసేవాళ్లం. దీపానికి ముందు ఉండే రెండు అద్దాలలో ఒకటి ఎరుపు, రెండోది నీలం అని నాకు స్పష్టంగా గుర్తు. రాత్రిపూట కనిపించేది ఆకుపచ్చ వెలుగైనప్పుడు నీలి అద్దం ఎక్కడిదని అన్నయ్య నలభై ఏళ్లుగా నన్ను ఆట పట్టిస్తున్నాడు. రైల్వే క్వార్టర్లలో పెరిగినవారెవరికైనా ఈ సంగతి గుర్తుందా? ఆ రోజుల గురించి మీకు తోచిన మరే విషయమైనా రాయగలరు.

మొదటి సమాధానం:
మీ జ్ఞాపకం సరైనదే. కిరోసిన్ మంట పసుపు ఛాయలో వెలుగుతుంది, అందులో నీలి కాంతి పాలు బాగా తక్కువ. మామూలు ఆకుపచ్చ అద్దం బిగిస్తే వెలుగు పసుపు వైపు మొగ్గుతుంది కనుక నీలం కలిసిన అద్దం వాడేవారు; పసుపు మంట దాని గుండా వచ్చేసరికి డ్రైవరుకు తేటైన ఆకుపచ్చగా కనిపించేది. పగలు ఆకాశానికి ఎదురుగా ఆ అద్దాన్ని చూసిన పిల్లలకు మాత్రం అది నీలమే. కాబట్టి మీ అన్నయ్యగారు చెప్పేది రాత్రి సంగతి, మీరు చెప్పేది పగటి సంగతి.

రెండో సమాధానం:
మాది లోకోషెడ్ (ఇంజిన్లు నిలిపే షెడ్డు) పక్కన ఉన్న క్వార్టరు, నాన్నగారు గూడ్స్ డ్రైవరు. గూడ్స్ బండికి ఫలానా వేళ అంటూ ఉండేది కాదు కనుక, డ్యూటీ ఎప్పుడు పడుతుందో షెడ్డు నుంచి కాల్‌బాయ్ వచ్చి చెబితేనే తెలిసేది. అర్ధరాత్రి అతను తలుపు తట్టి పుస్తకం చాపేవాడు, నాన్నగారు నిద్రకళ్లతోనే సంతకం పెట్టేవారు, ఈలోగా అమ్మ పొయ్యి వెలిగించేది. ఆయన ఇంట్లో ఉంటే పగలే నిద్రపోవాలి; అందువల్ల కాలనీ పిల్లలందరికీ ఒక కట్టుబాటు ఉండేది, గుమ్మం దగ్గర లైన్ బాక్సు (డ్రైవరు డ్యూటీకి వెంట తీసుకెళ్లే సామాను పెట్టె) కనిపిస్తే ఆ ఇంటి ముందు బంతి ఆడకూడదు. ఎవరూ నేర్పిన గుర్తు లేదు గానీ అందరం పాటించాం.

ఆవిరి ఇంజిన్లను తలచుకుని మురిసిపోయేవారు బొగ్గు నుసిని మరచిపోతారు. మా అమ్మ గాలి ఎటు వీస్తోందో చూసుకుని మరీ బట్టలు ఆరేసేది, అయినా తెల్ల చొక్కా తెల్లగా ఉన్న రోజు తక్కువే. 1995లో మన దేశపు బ్రాడ్‌గేజ్ (వెడల్పు పట్టాల) లైన్ల మీద ఆవిరి ఇంజిన్ల వాడకం ముగిసిందని పేపర్లో చదివినప్పుడు నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. అమ్మ మాత్రం ఇన్నాళ్లకా అంది.

మూడో సమాధానం:
మా నాన్నగారు గ్యాంగ్‌మాన్ (పట్టాల మరమ్మతులు చూసే ఉద్యోగి) కావడం వల్ల మా ఇంట్లో ఎప్పుడూ పట్టాల గురించే మాటలు. అప్పట్లో ఒక్కో పట్టా 13 మీటర్లు ఉండేది. ఎండకు సాగడానికి వీలుగా రెండు పట్టాల మధ్య కొద్దిపాటి సందు విడిచి, ఫిష్‌ప్లేట్లతో (పట్టాలను కలిపే ఇనుప బద్దలతో) బిగించేవారు. చక్రం ఆ సందు దాటినప్పుడల్లా వచ్చే టకటకలను 47 సెకన్ల పాటు లెక్కపెడితే వచ్చిన అంకె గంటకు ఎన్ని కిలోమీటర్ల వేగమో ఇంచుమించుగా చెబుతుందని ఆయన మాకు నేర్పారు. బండిలో కూర్చున్నప్పుడల్లా చెల్లెలు గడియారం చూసేది, నేను లెక్కపెట్టేవాణ్ణి, మధ్యలో పట్టాలు చీలే పాయింట్లు వచ్చి లెక్క తప్పితే ఇద్దరం పోట్లాడుకునేవాళ్లం. పట్టాలను అతికించి పొడవుగా వేస్తున్నాక ఆ ఆట సాగడం లేదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. మొదటి సమాధానాన్ని అన్నయ్యకు ఫోనులో చదివి వినిపించాను. అద్దం విషయం ఒప్పుకున్నాడు గానీ, నూనె డబ్బా మోసింది తానేనని ఇప్పుడు కొత్త తగవు మొదలుపెట్టాడు.