“శోధన వచ్చింది” అనవచ్చా?

రాయగడ నుంచి:
మాకు ప్రార్థన తెలుగులో, ఆఫీసు పని ఒడియాలో. ఈ రెండింటి మధ్య చిక్కుకున్న ‘శోధన’ అనే బైబిలు మాట వారం రోజులుగా నన్ను వదలడం లేదు.

ఒక కాంట్రాక్టరు దగ్గర లెక్కలు రాస్తాను. పోయిన నెల దిగిన కంకర 31 ట్రాక్టర్లు. నా సంతకానికి వచ్చిన బిల్లులో 40 అని ఉంది, వెనుక ఒక కవరు పిన్నుతో గుచ్చి ఉంది. ఇంట్లో చెబితే అమ్మ “నీకు శోధన వచ్చిందిరా” అంది, జ్వరం వచ్చిందన్నట్టే. పక్క కుర్చీలోని ఒడియా మిత్రుడు ఆ మాట విని నవ్వాడు. “మాకు రుణ పరిశోధ అంటే అప్పు తీర్చడం. నువ్వు ఎవరికి బాకీ?” అన్నాడు. యేసు నేర్పిన పరలోక ప్రార్థనలో మనం “శోధనలోకి తేక” అనే చోట వాళ్ల బైబిలులో ఉన్నది ‘పరీక్ష’. మనమేమో జబ్బునూ శోధన అంటాం, నష్టాన్నీ అంటాం, లంచాన్నీ అంటాం. ఇన్నిటికీ ఒకే మాట ఎలా సరిపోతుంది?

పర్లాకిమిడి మాస్టారు:
ధాతువు ‘శుధ్’. శుద్ధి, పరిశోధన అన్నీ దాని పిల్లలే. కొత్త నిబంధన మూలభాష గ్రీకులో ఆ చోట ఉన్న ‘పెయిరాస్మోస్’ కూడా ఇలాంటిదే, పరీక్షకూ దుష్ప్రేరణకూ అదే మాట. ఆదికాండము 22లో మాత్రం మనవాళ్లు జాగ్రత్తపడి దేవుడు అబ్రాహామును “పరిశోధించెను” అన్నారు. ఇప్పుడది వింటే ప్రయోగశాల గుర్తొస్తుంది, అది వేరే కథ. ఈ ఊరు 1936లో ఒడిశాలో చేరకముందే గిడుగు రామమూర్తి గారు ఇక్కడినుంచి వాడుక భాష కోసం పోరాడారు. మన ప్రార్థన ఇంకా ‘తేక’ అనే గ్రాంథికం దగ్గరే ఉంది. మార్చమంటే నేనే ఒప్పుకోను లెండి.

గుణుపురం అక్కయ్య:
మాస్టారూ, ధాతువు దగ్గర ఆగితే ఎలా? బైబిల్లో యాకోబు పత్రిక 1:14 చూడండి: “తన స్వకీయమైన దురాశచేత ఈడ్వబడి మరులు కొల్పబడినవాడై”. గ్రీకులో ఆ రెండో క్రియకు ఎర చూపడం అని అర్థం. వంశధార గట్టున గాలం వేసేవాళ్లను చూస్తూ పెరిగాను. వానపామును కొక్కెం మొన కనబడకుండా గుచ్చుతారు, అంతే. చేపను ఎవరూ తరమరు, రాతి సందులోంచి అదే వస్తుంది. “శోధన వచ్చింది” అన్నప్పుడు కర్త శోధన, మనం ఊరికే కూర్చున్నాం. యాకోబు వాక్యంలో ఈడ్చేది నా ఆశ. అది దేవుడి పని అనడానికి కూడా 13వ వచనంలోనే దారి మూసేశాడు. జబ్బుకు ‘వచ్చింది’ సరే. కవరుకు కుదరదు.

పర్లాకిమిడి మాస్టారు:
ఒప్పుకున్నాను. పైగా ‘మరులు’ అంటే వలపు, ప్రబంధ నాయికల మాట. దాన్ని తెచ్చి దురాశ పక్కన కూర్చోబెట్టిన అనువాదకుడి చెవికి నమస్కారం. తెలుగులో ఎర పోయింది కానీ తీపి మిగిలింది.

రాయగడ నుంచి:
అక్కయ్యా, మీ చేప నన్ను గుచ్చింది. కవరు ఎంత మందం ఉందో వేళ్లతో నొక్కి చూశాను. అది అమ్మకు చెప్పలేదు.

గుణుపురం అక్కయ్య:
ఇంతకీ సంతకం?

రాయగడ నుంచి:
40 కొట్టేసి 31 అని దిద్ది పెట్టాను. కవరు పిన్నుతో సహా వెనక్కి వెళ్లింది. అప్పటినుంచి కంకర బిల్లులు నా బల్ల మీదికి రావడం లేదు.