క్యాంపస్‌లో ఇమిగ్రేషన్ మీద వీధినాటకం: చెక్‌పోస్టు సీను పెట్టవచ్చా?

ప్రశ్న:
అమెరికాలో ఒక పబ్లిక్ యూనివర్సిటీ. ఇమిగ్రేషన్ చట్టాలకు నిరసనగా లైబ్రరీ ముందు వీధినాటకం వేద్దామని పదిమంది విద్యార్థుల ఆలోచన. 8 అడుగుల ఉత్తుత్తి గోడ, దాని ముందు యూనిఫాంలో ఇద్దరు, వచ్చేపోయేవాళ్లను ఆపి కాగితాలు అడగడం. మైకు లేదు. గోడ దేనితో కట్టాలి? నిడివి ఎంత ఉండాలి? ఎక్కడ బెడిసికొడుతుంది?

జవాబు 1:
యూనిఫాం ఆలోచన మానుకోండి. ఫెడరల్ అధికారినని నమ్మించి అధికారం చలాయిస్తే మూడేళ్ల వరకు జైలు. నాటకమని తెలిసేలా ఆడటం వేరు. కానీ దారిన పోయేవాణ్ణి ఆపి ‘కాగితాలు తియ్’ అన్న ఆ క్షణంలో అది నాటకమని అతనికెలా తెలుస్తుంది? అందరికంటే ముందు హడలిపోయేది కాగితాలు లేని విద్యార్థే, అంటే మీరు ఎవరి తరఫున ఆడుతున్నారో వాళ్లే.

1965లో కాలిఫోర్నియా ద్రాక్షతోటల సమ్మెలో ఎల్ టియాట్రో కాంపెసీనో బృందం పాత్ర పేరు రాసిన అట్టను మెడలో వేసుకుని ఆడేది. ట్రక్కు వెనక చదును భాగమే వేదిక. మీకూ నల్ల చొక్కా, మెడలో ‘అధికారి’ అట్ట చాలు. తుపాకీ బొమ్మ ప్లాస్టిక్‌దైనా వద్దు. 50 అడుగుల ముందే, వచ్చే ప్రతి దారిలోనూ ‘ఇది నాటకం’ బోర్డు పెట్టండి.

జవాబు 2:
గోడ సంగతి. ప్లైవుడ్ బరువు, మీద పడితే దెబ్బలు. 4×8 అడుగుల ముడతల ప్లాస్టిక్ షీటు, వెనక చెక్క ఫ్రేము సరిపోతాయి. అసలు శత్రువు గాలి. గంటకు 20 మైళ్ల గాలికే ఆ 32 చదరపు అడుగుల మీద 35–40 పౌండ్ల తోపు పడుతుంది. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు. షీటును నిలువుగా నిలబెడితే ముందుకూ వెనక్కూ 3 అడుగుల చొప్పున కాళ్లుండాలి, ఒక్కో వైపు 60 పౌండ్ల ఇసుక బస్తాలు కాళ్ల చివరన వెయ్యాలి. ఈదురుగాలి మొదలైతే ఆలోచించకండి, గోడ పడుకోబెట్టేయండి.

ఇంత తంటా ఎందుకనుకుంటే ఖాళీ అట్టపెట్టెలతో నడుం ఎత్తు గోడ పేర్చండి. పడినా ఎవరికీ ఏమీ కాదు, పడగొట్టడమే ఆఖరి సీను కావచ్చు. ఏదైనా సరే, వీల్‌చైర్ దారి, అత్యవసర ద్వారాలు వదిలిపెట్టాలి. నాటకాన్ని ఆపించడానికి క్యాంపస్ వాళ్లకు దొరికే మొదటి సాకు అదే.

జవాబు 3:
నిడివి 7 నిమిషాలు దాటొద్దు. క్లాసుకీ క్లాసుకీ మధ్య ఉండేదే 10–15 నిమిషాలు, అందులో రెండు జనాన్ని పోగుచెయ్యడానికే పోతాయి. డప్పు కొట్టే ముందు శబ్దం నిబంధనలు చూసుకోండి, చాలాచోట్ల క్లాసుల వేళ అనుమతించరు. మైకు లేదు కాబట్టి భవనం గోడకు వీపు పెట్టి ఆడండి, గొంతు ముందుకు వస్తుంది. అసలు ముక్కలు కోరస్ రెండోసారి అనాలి.

ఇక కథ. గోడ, పోలీసు అందరూ వేసేదే. ‘లైన్లో నిలబడి రావచ్చుగా’ అనేవాళ్లకు ఆ లైనే చూపించండి. నాలుగు కౌంటర్లు పెట్టి, ఇష్టపడి వచ్చిన ప్రేక్షకుడికి పాత్ర రాసిన ఒక కార్డు ఇవ్వండి. ఒకటి భారతీయ ఇంజనీరు: ఉద్యోగాల గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000, ఒక దేశానికి స్థూలంగా 7 శాతం, అందుకే అతని క్యూ ఏళ్ల తరబడి. రెండోది 21 నిండుతున్న అతని కూతురు, ఇక తండ్రి దరఖాస్తులో పిల్లగా లెక్కకు రాక క్యూలోంచి జారిపోయే మనిషి. మూడోది డిగ్రీ, బంధువులు లేని కూలీ: అతనికి ఏ కౌంటరూ దాదాపు తెరుచుకోదు. నాలుగోదే అన్నిటికంటే బాగా పండుతుంది. అమెరికన్‌ను పెళ్లాడాడు, కానీ సరిహద్దు దొంగదారిన దాటి ఏడాదికి పైగా ఉన్నాడు. కాగితాల కోసం దేశం దాటాలి, దాటగానే 1996 చట్టం ప్రకారం పదేళ్ల నిషేధం. మినహాయింపు దరఖాస్తు ఉందిలెండి, దానికీ ఓ క్యూ.

కార్డుల మీద రాసేది ఇమిగ్రేషన్ లాయర్‌తో చదివించండి. ఒక్క అంకె తప్పినా ఎదుటివాడు దాన్నే పట్టుకుంటాడు.

ప్రశ్న అడిగినవారు:
క్యూ ఆలోచన బాగుంది, చెక్‌పోస్టు తీసేస్తున్నాం. బృందంలో నలుగురు ఎఫ్-1 (విదేశీ విద్యార్థి వీసా) మీద ఉన్నారు. వాళ్లు వేషం కట్టొచ్చా?

జవాబు 1:
భావప్రకటన హక్కు వాళ్లకూ ఉందండీ. కానీ వీసా రద్దు వేరే వ్యవహారం, దానికి శిక్ష పడేదాకా ఆగాల్సిన పని లేదు, అరెస్టు కూడా కారణం కావచ్చు. ముందుగా లాయర్‌తో మాట్లాడి ఎవరి నిర్ణయం వాళ్లే తీసుకోవాలి. స్క్రిప్టు, కార్డుల పని తెరవెనకది, అయినా బొత్తిగా ముప్పు లేదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఒప్పుకోనివాళ్ల ముఖాలు వీడియోలో రాకూడదు. ముసుగు వేద్దామంటే రాష్ట్ర చట్టం, క్యాంపస్ నియమం రెండూ చూడండి.

అనుమతి మధ్యాహ్నం 1 గంట వరకైతే 12:50కే సర్దడం మొదలుపెట్టాలి. పోలీసు ‘కదలండి’ అంటే ఆపేద్దామా వద్దా అన్నది చెప్పాల్సింది ఒక్కరే. ఆ మనిషి నటుల్లో ఉండకూడదు, పక్కన నిలబడి చూస్తుండాలి.