ఎన్95 మాస్కును ఇంట్లో శుద్ధి చేసి మళ్లీ పెట్టుకోవచ్చా?

ఎనుమాముల దడ్వాయి: మా నాన్న ఆసుపత్రిలో ఉన్నారు. రాత్రిళ్లు వార్డులో తోడు నేనే. పగలు మిర్చి యార్డులో కాంటా దగ్గర పని. రెండు చోట్లా ఎన్95 పెట్టుకుంటున్నాను. రోజుకొకటి కొనే స్తోమత లేదు. ఇంట్లోనే శుభ్రం చేసుకునే దారి ఉంటే చెప్పండి.

కాజీపేట వాసి: సబ్బునీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి తమ్ముడూ. ఇది నా సొంత మాట కాదు. 2020లో కోవిడ్ సమయంలో కేంద్ర ప్రభుత్వ ప్రధాన శాస్త్ర సలహాదారు కార్యాలయం ఇచ్చిన సూచనల్లో సబ్బుతో ఉతికి కనీసం 5 గంటలు ఎండబెట్టమనే ఉంది. మన మే నెల ఎండకు ఏ క్రిమి తట్టుకుంటుంది?

హన్మకొండ నర్సు: అన్నా, ఆ సూచనలు ఇంట్లో కుట్టుకునే బట్ట మాస్కుల కోసం ఇచ్చినవి. వాటిని దయచేసి ఎన్95కు అంటగట్టకండి. దీని లోపలి పొర నేసిన బట్ట కాదు, పాలీప్రొపిలీన్‌ను కరిగించి ఊది తీసిన అతి సన్నని పోగులు. 0.3 మైక్రాన్ల కణాల్లో కనీసం 95 శాతాన్ని ఆపగలుగుతోందంటే, ఆ పోగుల్లో నిలిపి ఉంచిన స్థిర విద్యుత్తు వల్లే. సబ్బు గానీ శానిటైజర్ గానీ తగిలితే అది పోతుంది. పైకి మాస్కు మల్లెపువ్వులా మెరుస్తుంది, లోపల వడపోత మాత్రం దెబ్బతింటుంది. ఆ ధీమాతో రోగి పక్కన కూర్చోవడం నాకు భయమేస్తుంది. ఇస్త్రీ పెట్టె సంగతి సరేసరి, పోగులే కరుగుతాయి. ఇక ఎండ అంటారా, ప్రయోగశాలల్లో కోవిడ్ వైరస్ చచ్చి వడపోత నిలిచింది 70 డిగ్రీల పొడి వేడిలో. మన దగ్గర ఎంత కాసినా 45 దగ్గరే.

కాజీపేట వాసి: అయితే ఓవెన్ ఉన్నవాళ్లు ఆ 70 డిగ్రీలు పెట్టుకోవచ్చుగా?

హన్మకొండ నర్సు: వంట ఓవెన్‌లో వేడి అన్ని మూలలా ఒకేలా ఉండదు. మైక్రోవేవ్‌లో పెడితే ముక్కు మీది లోహపు పట్టీ నుంచి నిప్పురవ్వలు లేస్తాయి. అమెరికాలోనే కోవిడ్ నాటి మాస్కుల కొరత రోజుల్లో ఆసుపత్రులకు హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరితో శుద్ధి చేయడానికి అత్యవసర అనుమతులిచ్చి, సరఫరా కుదుటపడ్డాక 2021 జూన్‌లో వెనక్కి తీసుకున్నారు. తమ్ముడికి నేను చెప్పేది వంతుల పద్ధతి. అయిదు మాస్కులు దగ్గర ఉంచుకోండి. ఈ రోజు వాడినదాన్ని కాగితపు సంచిలో వేసి తేదీ రాసి పక్కన పెడితే, దాని వంతు మళ్లీ అయిదు రోజులకు వస్తుంది. ప్లాస్టిక్ కవరు వద్దు, చెమట తడి ఆరదు. ఒక్కో మాస్కు అయిదుసార్లకు మించి వద్దు. తడిసినా, రక్తం, కఫం పడినా అప్పుడే పారేయండి.

జమ్మికుంట హమాలీ కొడుకు: అక్కా, వార్డుకు మీ మాట సరే. యార్డుకు ఆ లెక్క పొసగదు. తాలు కాయ ఏరే ఆడవాళ్లు ముక్కుకు కొంగు కట్టుకుని రోజంతా దగ్గుతున్నారు. వాళ్లకు అయిదుసార్లు అంటే ఎవరు వింటారు? అక్కడ బెడద క్రిమితో కాదు, ఘాటుతో, దుమ్ముతో. శుద్ధి చేసే పనే లేదు. గాలి పీల్చడం బరువయ్యేదాకా వాడి, తర్వాత మార్చాలి. ఆ మాస్కు కొనివ్వాల్సింది కూలి కాదు, సరుకు మీద కమీషన్ తీసుకునే అడ్తిదారు.

హన్మకొండ నర్సు: ఒప్పుకుంటున్నాను తమ్ముడూ, కొనివ్వాల్సింది వాళ్లే. కానీ యార్డు మాస్కు వార్డులోకి, వార్డు మాస్కు యార్డులోకి రాకూడదు. పట్టీలు సాగిపోయాయేమో కూడా చూసుకోండి. మాస్కు పెట్టుకుని, రెండు అరచేతులూ దాని మీద ఆనించి గట్టిగా ఊదండి. కళ్ల దగ్గరో చెంపల దగ్గరో గాలి తగిలితే, అది ఎన్నోసారి అయినా సరే, దాన్ని పక్కన పడేయండి.

ఎనుమాముల దడ్వాయి: రేపే అయిదు కాగితపు సంచులు తెచ్చుకుంటాను. మా అడ్తిలో మాస్కుల సంగతి కూడా అడుగుతాను.